బయటికి వచ్చే తూటా

నేను తూటాలు నింపే పని చేస్తానని చెబితే మలేషియాలో, మా ఊరు ఇపోలో గుడికి వచ్చే ఆడవాళ్ళు కాస్త జరిగి కూర్చునేవారు. మా ఆయన లారీ తోలేవాడు. ఆయన పని ప్రమాదమని ఒక్కరూ అనలేదు, నా పనంటే మాత్రం అందరికీ భయమే. నిజానికి మా గదిలో ఉన్నంత నెమ్మది నేను మరెక్కడా చూడలేదు. రేడియో ఉండదు, ఫోన్ ఉండదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే చేతిలో పని ఆపి, తుపాకీమందు డబ్బాకు మూత బిగించి, అప్పుడు మాట్లాడాలి. ఈ నియమం ఇంట్లో కూడా పెట్టి ఉంటే మనకు సగం తగవులు తప్పేవని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

ఇప్పుడా గదిలోకి కొత్తవాళ్ళు వచ్చారు. చేతులు చురుకైనవే, కొలిచే పరికరాలు మాకంటే మంచివి. యంత్రం ఎలా వాడాలో నేను వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ పనిలో నాకు తెలిసొచ్చిన రెండు మూడు సంగతుల గురించీ, ఆ పని నేర్పిన ఒక మనిషి గురించీ, ఆ పనికి అర్థం చెప్పిన ఒక అమ్మాయి గురించీ మాత్రం చెప్పాలని ఉంది.

మా పని

మాది రైఫిల్ గురిపోటీల సంఘం. దూరాన నిలబెట్టిన కాగితం మీద కాల్చడం తప్ప ఇంకో పని లేని తుపాకులు మావి. కొట్లో కొన్న తూటాలు అన్ని తుపాకులకూ కుదిరేలా చేస్తారు కాబట్టి ఏ తుపాకీకీ పూర్తిగా కుదరవు. అందుకే పెద్ద పోటీలకు మేమే నింపేవాళ్ళం. మన దేశంలో ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. అనుమతి ఉన్న గదిలో, అనుమతి ఉన్న మనుషులే చెయ్యాలి. బ్యాగులో ఒక ఉత్త గుండు మర్చిపోయి రోడ్డెక్కినా కొంప మునుగుతుంది. ఇంటికి బయలుదేరేముందు జేబులు తిరగేసి చూసుకోవడం నాకు ఎంత అలవాటంటే, ఇప్పటికీ కూరగాయల మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు జేబు తడుముకుంటాను.

తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి గొట్టం, దాన్ని మేం కేస్ అంటాం. దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. లోపల మందు. పైన, గొట్టం మెడలో బిగించిన గుండు. ఆ గుండును మెడలోకి ఎంత లోతుకు దించాలన్నదే మా పనిలో చివరి నిర్ణయం. తగవులన్నీ అక్కడే వస్తాయి.

ఎందుకంటే బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. గుండును కొంచెం పైకి ఉంచితే అది వెళ్ళి ఆ గాడులకు ఆనుకుని కూర్చుంటుంది. ఎక్కువ దించితే, పేలినప్పుడు కాస్త ఖాళీ దూకి గాడుల్లో పడుతుంది. ఆ ఖాళీ గోరు మందం కన్నా తక్కువే. కానీ అంత దూరాన ఉన్న కాగితం మీద ఆ తేడా కనిపిస్తుంది. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. లోతు మారిస్తే లోపలి ఒత్తిడి మారుతుంది. పాత మందు కొలతే పోసేసి కూర్చోకూడదు. మళ్ళీ తక్కువ నుంచి మొదలుపెట్టి, చూసుకుంటూ పెరగాలి. దీన్ని చాదస్తం అనేవాళ్ళతో కలిసి పని చెయ్యకండి.

పాక్ రహీం

మా గదికి పెద్ద పాక్ రహీం. పాక్ అంటే మలాయ్ వాళ్ళు పెద్దవాళ్ళను పిలిచే మర్యాద మాట. పటాలంలో తుపాకులు బాగుచేసి బయటికొచ్చిన మలాయ్ మనిషి. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మాతో మలాయ్‌లోనే మాట్లాడేవాడు, ఆయన మాటలు నా తెలుగులో చెబుతున్నాను.

అంతకు ముందు నేను ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సన్న తీగలు అతికించేదాన్ని. అది మూతపడ్డాక ఈ ఉద్యోగానికి వచ్చాను. ఆయన నన్ను చదువు గురించి అడగలేదు. మందు లేని కేసులు కొన్ని నా ముందు పెట్టి, గుండును మెడలోకి నొక్కే ప్రెస్ పిడి చేతికిచ్చి, కళ్ళు మూసుకుని గుండ్లు దించమన్నాడు. దించాను. "ఏం తెలిసింది?" అన్నాడు. "ఒకటి మరీ తేలిగ్గా దిగిపోయింది, మెడ వదులుగా ఉన్నట్టుంది" అన్నాను. ఆయన ఆ కేసును తీసి పక్కన పెట్టి, రేపు రమ్మన్నాడు. అంతే ఇంటర్వ్యూ.

ఆయన దగ్గర పని చేసిన అన్నేళ్ళలో నేను ఆయన్ని మెచ్చుకోని రోజు తక్కువ. కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి, అవీ చెబుతాను.

ఆయనకో పద్ధతి ఉండేది. ఏ తుపాకీకైనా కొత్త లోతు అనుకున్నాక మందూ ప్రైమరూ లేని ఉత్త తూటా ఒకటి చేయించేవాడు. దాన్ని తుపాకీలో పెట్టి, వెనక తలుపులాంటి బోల్ట్ మూసేవాడు. మేమంతా అది సాఫీగా వెళ్ళిందా అని చూస్తుంటే, ఆయన బోల్ట్ తెరిచి అది ఎలా వచ్చిందో చూసేవాడు. "లోపలికి అందరూ పంపుతారు. పంపినదాన్ని కాల్చకుండా బయటికి తియ్యగలిగితేనే అది మంచి తూటా" అనేవాడు. గుండును గాడుల్లోకి మరీ నొక్కితే, వెనక్కి లాగినప్పుడు గాడులు గుండును పట్టుకుంటాయి. కేస్ ఒక్కటే ఊడి వస్తుంది. గుండు బ్యారెల్‌లోనే ఉండిపోతుంది, మందంతా బోల్ట్ లోపల ఒలికిపోతుంది. ఇక ఆ తుపాకీ ఆ పూటకు ఇనపకమ్మే.

ఆయనకింకో అలవాటుంది, అది నాకు చిరాకు. ఏ పోటీకి వెళ్ళినా బ్యారెల్ కన్నా పొడుగైన రాడ్డు ఒకటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వ్యాన్‌లో తెచ్చేవాడు. అంటే నాచేత మోయించేవాడు. అది నా మెడ పక్కనుంచి డ్రైవర్ సీటు దాకా పొడుచుకుని ఉండేది. బ్యారెల్ తుడవడానికైతే మాకు తాడు ఉంది, ఒక చివర వేసి ఇంకో చివర లాగితే సరిపోతుంది. రాడ్డు పనల్లా ఇరుక్కున్న గుండును మూతి వైపు నుంచి వెనక్కి తొయ్యడమే. పోటీల్లో మా తూటాలు ఎప్పుడూ ఇరుక్కోలేదు. మరి ఇదెందుకని అడిగితే "బావా సజా" అనేవాడు. తెచ్చెయ్యి, అంతే అని. పెద్దమనిషి చాదస్తమనుకుని మోసేదాన్ని.

మొనను నమ్మకండి

మా గదిలో కుమరేశన్ అని తమిళాయన ఉండేవాడు. మంచి పనిమంతుడే. ఒకరోజు పొద్దున్నుంచి డై మరను, అంటే ప్రెస్ గుండును దించే లోతు మార్చే మరను, తిప్పుతూనే ఉన్నాడు. తూటా మొత్తం పొడవు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తోందని డైని తిట్టాడు, ప్రెస్‌ను తిట్టాడు, చివరికి గుండ్లు చేసిన ఫ్యాక్టరీని తిట్టాడు. మధ్యాహ్నానికి ఒక్కో తూటా ఒక్కో లోతుకు దించి పెట్టాడు.

పాక్ రహీం వచ్చి ఒక గుండు మొన మీద వేలు పెట్టి చూపించాడు. మొనలు అచ్చు నుంచి ఎగుడుదిగుడుగానే వస్తాయి. గాడులకు మొదట తగిలేది మొన కాదు, దాని కింద వంపు తిరిగి లావెక్కే చోటు. కొలవాల్సింది అడుగు నుంచి ఆ చోటి దాకా. డై కూడా దాన్నే పట్టి దించుతుంది. పాపం డై పొద్దున్నుంచి సరిగ్గానే దించుతోంది, కుమరేశనే దాన్ని చెడగొట్టాడు. ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టుకుని "అయ్యో కడవులే" అని తమిళంలో దేవుణ్ణి పిలిచాడు. మేం నవ్వాం. పాక్ రహీం నవ్వలేదు. కూర్చుని ఆ తూటాలన్నీ ఆయనతో కలిసి విప్పాడు.

ఇంకో తప్పుంది, అది చాలామంది చేస్తారు. మూడు గుండ్లు ఒకచోట పడగానే లోతు దొరికిపోయిందని మురిసిపోవడం. మూడు గుండ్లు ఎవరికైనా పడతాయి. ఇంకో రోజు, ఇంకో ఎండలో, చెయ్యి అలిసినప్పుడు కూడా పడాలి. తొందరపడి మెచ్చుకున్న లోతు పోటీ రోజున మొహం చాటేస్తుంది.

పార్వతి పంతం

పార్వతిది క్వాలా సెలంగోర్. అక్కడి బడిలో టీచరు. వాళ్ళ తాతలూ మా తాతలూ తెలుగునాట ఒకే వైపు నుంచి ఇక్కడి రబ్బరు ఎస్టేట్లకు వచ్చినవాళ్ళు. సెలవు దొరికితే చాలు ఇపోలోని కాల్పుల మైదానానికి, అంటే మా రేంజ్‌కు కారు తోలుకొచ్చేది. మా సంఘంలో తెలుగులో మాట్లాడుకోవడానికి నాకు దొరికింది ఆ పిల్లే, కాకపోతే మాట చివర ఇక్కడివాళ్ళలా ఓ 'లా' తగిలించేది. బయటి దేశంలో జరిగే పోటీకి జట్టులో చోటు కోసం రెండుసార్లు అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది. మూడోసారి ఎంపిక పోటీ వచ్చింది. ఒకే చోటు మిగిలి ఉంది. ఆ చోటు మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. బడివాళ్ళు సెలవు ఇస్తారో లేదో ముందే కనుక్కుంది, చలి దేశం కాబట్టి ఉన్ని కోటు కూడా కొనేసుకుంది.

ఆమె తుపాకీ బ్యారెల్ పాతబడింది. కాల్చేకొద్దీ గాడుల మొదలు అరిగి ముందుకు జరుగుతుంది. వాటిని అందుకోవాలంటే గుండును మరీ పైకి ఉంచాలి, అప్పుడు మెడలో గుండుకు పట్టు తక్కువ. మేం రెండు మూడు లోతులు పరీక్షించాం. గాడులకు నొక్కి ఉంచినవి అద్భుతంగా పడ్డాయి, కాగితం మీద అన్నీ కలిసి ఒకే చిరుగు. కొంచెం దించినవి పరవాలేదు, అంతే.

"అక్కా, నాకు అంటించే పెట్టు. ఇంత బాగొచ్చినాక ఏటి ఇంకా సూడాల?" అంది.

"పాక్ రహీం ఏటంటాడో ముందు ఇను" అన్నాను.

ఆయన లేచొచ్చాడు. నొక్కి ఉంచిన ఉత్త తూటా ఒకటి ఆమె చేతికిచ్చి పెట్టమన్నాడు, తియ్యమన్నాడు. వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. నాలుగైదుసార్లు బాగానే వచ్చింది. తర్వాత కేస్ ఒక్కటే వచ్చింది.

పార్వతి ఆ ఖాళీ కేసును బల్ల మీద పెట్టింది. "మ్యాచ్‌లో ఒక్కసారి కూడా తియ్యాల్సిన పని పడకపోవచ్చు గదా?" అంది, మలాయ్‌లో.

పాక్ రహీం కిటికీలోంచి కొండల వైపు చూపించాడు. మధ్యాహ్నమయితే అక్కడ మబ్బు పట్టని రోజు తక్కువ. ఉరుము వినిపిస్తే రేంజ్‌లో కాల్పులు ఆపేస్తారు. అందరూ తుపాకులు ఖాళీ చెయ్యాలి. "తుపాకీ నీది. ఎలా కావాలంటే అలా నింపి ఇస్తాం. నాకు తెలిసింది చెప్పడం వరకే నా పని" అన్నాడు.

ఆమె చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. తర్వాత నా వైపు తిరిగి, "సెరి, దించెయ్ అక్కా. ఓడిపోతే మాత్రం మీ ఇద్దరి గుమ్మాల్లోనూ వచ్చి కూకుంటాను, సెప్తన్నా" అంది. నింపుతున్నంతసేపూ నా మనసులో ఆ ఒకే చిరుగున్న కాగితం మెదులుతూనే ఉంది.

వాన

ఎంపిక పోటీ వేరే ఊళ్ళో. పాక్ రహీం, నేను, పార్వతి వ్యాన్‌లో వెళ్ళాం. రాడ్డు నా మెడ పక్కనే ఉంది. పోటీ సగానికి వచ్చేసరికి ఆ చోటు కోసం ఇద్దరే మిగిలారు. ఒకరు పార్వతి. రెండోది మే లింగ్, పినాంగ్ నుంచి బస్సులో ఒంటరిగా వచ్చిన చైనీస్ అమ్మాయి. ఇద్దరి పాయింట్లూ అటూ ఇటూగా ఉన్నాయి.

ఉరిమింది. కాల్పులు ఆపమని, తుపాకులు ఖాళీ చెయ్యమని అరిచారు. పార్వతి బోల్ట్ తెరిచింది. తూటా నిండుగా, చెక్కు చెదరకుండా బయటికొచ్చింది. దాన్ని పెట్టెలో పెట్టి వెనక్కి తిరిగి నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది. నా గుండె కుదుట పడింది.

పక్కన మే లింగ్ బోల్ట్ తెరిచింది. కేస్ ఒక్కటే వచ్చింది. మందు ఇసకలా రాలింది.

వాన తగ్గి మళ్ళీ పిలిచేలోపు తుపాకీ సిద్ధం కాకపోతే ఆమె పోటీ అక్కడితో సరి. ఆమె దగ్గర తాడే ఉంది. తాడుతో లాగొచ్చు, తొయ్యలేం. రేంజ్‌వాళ్ళ రాడ్డు చిన్న తుపాకులది. ఆ అమ్మాయి రేకుల కింద నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తోంది.

దాచడమెందుకు, ఆ గొట్టం మూత ఎవరూ తియ్యకపోతే బాగుండునని నాకు అనిపించింది. మా పిల్ల మా మాట విని, మంచి తూటా వదులుకుని, ఇక్కడిదాకా వచ్చింది. ఆమె వదులుకున్న లోతునే ఈ అమ్మాయి పట్టుకుంది, ఇప్పుడు ఇరుక్కుంది. ఇందులో అన్యాయమేముంది? పాక్ రహీం గొట్టం మీద చెయ్యి వేశాడు. కానీ తెరవలేదు. ఆ రోజు ఆయన వచ్చింది పార్వతి తరఫున. అందుకని ఆమె వైపు చూశాడు. 

పార్వతి ఆయన్ని చూసింది, మే లింగ్‌ను చూసింది, నన్ను చూసింది. వాన రేకుల మీద దబదబా కొడుతోంది.

"ఏటక్కా ఆ సూపులు? గొట్టం ఇప్పు లా! బేగి!"

నేనే ఇప్పాను. పాక్ రహీం మే లింగ్ తుపాకీ బోల్ట్ తీసి, రాడ్డును మూతిలోంచి నెమ్మదిగా దించి, చంటిపిల్ల వీపు తట్టినట్టు నాలుగు తట్లు తట్టాడు. గుండు వెనక్కి జారి పార్వతి అరచేతిలో పడింది. తుపాకీ వెనక చెయ్యి చాపి నిలబడింది ఆమే. ఒలికిన మందు ఊది, తుడిచి, పిలుపు వచ్చేసరికి తుపాకీ ఇచ్చేశారు.

ఒక్క పాయింటు తేడాతో మే లింగ్ జట్టులోకి వెళ్ళింది.

ఆ ఒక్క పాయింటు మేం దించిన లోతుదా, వాన తర్వాత తిరిగిన గాలిదా, అలిసిన భుజానిదా, ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనేవాళ్ళను నమ్మకండి. మే లింగ్ వచ్చి పార్వతిని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. పార్వతి ఆమె వీపు నిమిరింది. వ్యాన్ ఎక్కాక మొహం మీద తువ్వాలు కప్పుకుని ఇపో దాకా తియ్యలేదు.

నాకు పాక్ రహీం మీద మండిపోయింది. దారిలో టీ కోసం దిగినప్పుడు అడిగేశాను. "ఇన్నాళ్ళూ నాచేత ఇది మోయించింది ఇందుకా?"

"మన తూటా ఇరుక్కోకుండా మనం చూసుకుంటాం" అన్నాడు. "ఇరుక్కునేది ఎప్పుడూ ఇంకొకళ్ళదే. మరి రాడ్డు ఎవరు తేవాలి?"

 నేను టీ సగంలో వదిలేసి వ్యాన్ ఎక్కాను. కానీ ఇవాళ ఎవరైనా నీకు పని నేర్పినవాడిలో గొప్పతనం ఏంటని అడిగితే, ఆయన చేతి నైపుణ్యం కన్నా ముందు ఆ మాటే చెబుతాను.

ఇంకొంచెం లోపలికి

తర్వాత కొన్ని వారాలు పార్వతి రాలేదు. మా మీద కోపమనుకున్నాను, తుపాకీ అమ్మేస్తుందేమోనని కూడా భయపడ్డాను. ఒక శనివారం పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పుతూనే, "అక్కా, ఇంకా లోపలికి దించి సూద్దారి" అంది.

"ఇంకానా?"

"మనం గాడుల దగ్గరే గదా ఎతికినాం. అందరూ అక్కడే ఎతుకుతారు. లోపల ఏటుందో ఎవులు సూసినారు?"

పాక్ రహీం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన సంతోషం అలాగే బయటపడేది. మందు తగ్గించి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. కొంచెం కొంచెంగా దించుకుంటూ పోయాం. మొదట ఇంకా చెదిరాయి. కుమరేశన్ తల అడ్డంగా ఊపాడు. పార్వతి మాత్రం సెలవు దొరికినప్పుడల్లా వచ్చి కాలుస్తూనే ఉంది. ఇంకా దించాం. అక్కడ మళ్ళీ దగ్గరకు రావడం మొదలైంది. దూకే ఖాళీ అంత ఉంటే చెడిపోతుందని మేమంతా ముందే తీర్మానించుకున్న చోట, ఆ పాత బ్యారెల్ చక్కగా కుదురుకుంది. అన్ని తుపాకులకూ ఇది వర్తించదు. ఆ తుపాకీకి వర్తించింది. మిగతావాటికి మీరే వెతుక్కోవాలి.

అదే లోతుతో ఆమె తర్వాతి ఎంపికలో జట్టులోకి వెళ్ళింది, ఉన్ని కోటు పనికొచ్చింది. కానీ నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ రోజు కాదు. ఆ లోతు మొదటిసారి నిలకడగా పడిన రోజు. పార్వతి దూరాన్నుంచి కాగితం పట్టుకుని నడిచొచ్చింది. బల్ల మీద పరిచింది. అన్నీ కలిసి ఒకే చిరుగు. పాక్ రహీం ఉత్త తూటా పెట్టి, బోల్ట్ మూసి, తెరిచాడు. సాఫీగా బయటికొచ్చింది. ఆయన దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె కాగితం మీది చిరుగును వేలితో తడిమింది. "ఇది అప్పుడే దొరికుంటే..." అంది, మిగతాది మింగేసింది.

 నేను ఊరికే ఉండలేక అడిగాను. "అప్పుడే దొరికినా ఆ రాడ్డు ఇచ్చేసేదానివే గదే?"

గోడకు ఆనించి ఉన్న ప్లాస్టిక్ గొట్టం వైపు చూసింది.

"ఇచ్చేదాన్నే లా" అంది. "గానీ ఇచ్చి కూడా గెలిచేదాన్ని."